ఒకే మైక్రోఆర్‌ఎన్‌ఏ క్యాన్సర్‌కు అడ్డుకట్టగానూ, అండగానూ ఎలా ఉంటుంది?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. పీజీ ప్రాజెక్టు కోసం పరిశోధన పత్రాలు చదువుతుంటే మిర్-126 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏను (జన్యువుల నుంచి ప్రోటీన్ తయారీని తగ్గించే చిన్న ఆర్‌ఎన్‌ఏల్లో ఒకదాన్ని) ఒకచోట క్యాన్సర్ నిరోధకమనీ, మరోచోట లుకేమియాను, అంటే రక్త క్యాన్సర్‌ను, నిలబెట్టే అణువనీ రాశారు. ఇందులో ఏది నిజం? రక్తం తయారీకి అవసరమైన అణువు రక్త క్యాన్సర్‌లో హాని ఎలా చేస్తుంది? దీన్ని మందుగా మలచవచ్చా? రోగుల ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, మైక్రోఆర్‌ఎన్‌ఏలను కొలవడం మీ ప్రాజెక్టుకు మంచి ఆలోచనేనా?

మొదటిదానికి సూటి సమాధానం: రెండూ నిజమే. నిరోధకం, కారకం అనే ముద్రలను మనం అణువుకు వేస్తున్నాం గానీ, అవి నిజంగా వర్తించేది ఆ అణువు పనిచేస్తున్న కణానికీ, ఆ కణం ఉన్న దశకూ, అందులో ఆ అణువు మోతాదుకూ. ఈ మాట గుర్తుంచుకుని చదివితే పరస్పర విరుద్ధంగా కనిపించే పత్రాల్లో సగానికి పైగా విరుద్ధమైనవి కావని తెలుస్తుంది.

పని విధానం మీకు పాఠ్యపుస్తకంలో ఉంటుంది కాబట్టి అవసరమైనంతే చెబుతాను. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌ల ప్రయోగశాలలు సి. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగులో లిన్-4 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ, లిన్-14 అనే జన్యువు నుంచి ప్రోటీన్ తయారుకాకుండా అణచిపెడుతోందని చూపించాయి. అది ఆ పురుగుకే పరిమితమైన వింత అని చాలామంది అనుకున్నారు. 2000లో రవ్‌కున్ బృందం లెట్-7 అనే మరో మైక్రోఆర్‌ఎన్‌ఏను కనుగొని, అది మనుషులతో సహా ఎన్నో జంతువుల్లో దాదాపు మార్పు లేకుండా ఉందని తేల్చిన తర్వాతే అందరి దృష్టీ ఇటు మళ్లింది. 2024లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. కణంలో జరిగేది ఇది: కేంద్రకంలో డ్రోషా అనే ఎంజైము పొడవైన ఆర్‌ఎన్‌ఏ నుంచి సుమారు 70 న్యూక్లియోటైడ్ల ముడిని కోసి తీస్తుంది, ఎక్స్‌పోర్టిన్-5 దాన్ని బయటికి చేరుస్తుంది, డైసర్ దాన్ని సుమారు 22 న్యూక్లియోటైడ్లకు కత్తిరిస్తుంది, ఆ తునక ఆర్గోనాట్ ప్రోటీన్‌లో చేరి తనకు జత కుదిరే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలను (ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి వచ్చే నకళ్లను) వెతుక్కుని అణచిపెడుతుంది. జత కుదరాల్సింది ముఖ్యంగా 2 నుంచి 8 వరకు ఉన్న న్యూక్లియోటైడ్లకే కాబట్టి, ఒక్కో మైక్రోఆర్‌ఎన్‌ఏకు వందల లక్ష్యాలు ఉండగలవు.

చాలామంది విద్యార్థులు దీన్ని స్విచ్‌లా ఊహించుకుంటారు. ఇది ఫ్యాన్ రెగ్యులేటర్‌కు దగ్గర. 2008లో వేల ప్రోటీన్లను ఒకేసారి కొలిచిన రెండు అధ్యయనాల్లో, ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏ వల్ల ఒక్కో లక్ష్యంలో వచ్చే మార్పు సాధారణంగా రెండు రెట్ల లోపే ఉంటుందని తేలింది. ఇంత కొద్ది మార్పుతో ఏం జరుగుతుందని మీకు అనిపించవచ్చు. రక్తకణాల తయారీలో చాలా జరుగుతుంది, ఎందుకంటే ఎంవైబీ, పీయూ.1 వంటి నియంత్రక ప్రోటీన్ల విషయంలో అవి ఉన్నాయా లేవా అన్నదానికన్నా ఎంత ఉన్నాయన్నదాన్ని బట్టే కణం ఏ శాఖలోకి వెళ్లాలో తేలుతుంది.

ఆరోగ్యవంతుడైన పెద్దవారి ఎముక మజ్జలో సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్రకణాలు తయారవుతాయి. ఇంత ఉత్పత్తికీ మూలమైన రక్త మూలకణాలు మాత్రం చాలా అరుదైనవి, పైగా వాటిలో ఎక్కువ భాగం ఎప్పుడూ విభజన మానుకుని నిద్రాణంగా ఉంటాయి. అవసరమైనప్పుడు మేల్కొని, ఒకవైపు తమలాంటి కణాన్నే మిగుల్చుకుంటూ మరోవైపు పరిణతి చెందే కణాలను ఇవ్వడం వాటి పని. ఇలాంటి కణాలు ఉన్నాయనడానికి ప్రయోగ రుజువు 1961లో టొరంటోలో టిల్, మెక్‌కల్లక్ ఇచ్చారు: రేడియేషన్‌తో మజ్జ దెబ్బతిన్న ఎలుకలకు మజ్జ కణాలు ఎక్కిస్తే, ప్లీహం మీద గడ్డల్లా కణ సముదాయాలు పెరిగాయి. మైక్రోఆర్‌ఎన్‌ఏల పాత్ర బయటపడింది 2004లో. బార్టెల్, లోడిష్ బృందాలు మిర్-181, మిర్-223, మిర్-142 రక్తకణాల్లో ప్రత్యేకంగా కనిపిస్తాయనీ, మిర్-181ను ఎలుకల మూల కణాల్లో పెంచితే బీ-కణాలు అనే తెల్లకణాల వాటా పెరుగుతుందనీ చూపించాయి. ఎలుకల రక్త మూలకణాల్లో డైసర్‌ను పూర్తిగా తీసేస్తే ఆ కణాలు నిలబడవని 2010లో తేలింది కాబట్టి, మొత్తంగా ఈ వ్యవస్థ అవసరమన్న విషయంలో వివాదం లేదు. వివాదమంతా ఏ అణువు ఏం చేస్తుందన్నదాని మీదే.

మిర్-223 కథ ఇందుకు మంచి ఉదాహరణ. మనుషుల కణాల మీద చేసిన తొలి ప్రయోగాలను బట్టి గ్రాన్యులోసైట్లు అనే తెల్లకణాలు తయారవడానికి ఇది తోడ్పడుతుందని అనుకున్నారు. 2008లో ఈ జన్యువు లేని ఎలుకలను తయారుచేస్తే వాటిలో న్యూట్రోఫిల్స్ (గ్రాన్యులోసైట్లలో ఒక రకం) తగ్గడం అటుంచి పెరిగాయి, పైగా మరింత ఉద్రేకంగా ప్రవర్తించాయి. గాజుపాత్రలో పెంచిన కణాల్లో వచ్చిన ఫలితాన్నీ, జంతువులో వచ్చిన ఫలితాన్నీ ఒకే తూకంలో వేయకూడదని నేను నా విద్యార్థులకు చెప్పేటప్పుడు ముందు ఈ జంటనే చూపిస్తాను. మిర్-150, ఎంవైబీని అదుపులో ఉంచి లింఫ్ కణాల పరిణతిని నడుపుతుంది. మిర్-451 ఎర్రకణాల్లో అపారంగా ఉంటుంది. తయారీలో దీనికి డైసర్ అవసరమే లేదు, ఆర్గోనాట్-2 స్వయంగా కోస్తుంది. ఈ మిర్-451ను గుర్తుపెట్టుకోండి, మీ ప్రాజెక్టు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పని పడుతుంది.

ఇక క్యాన్సర్. ఇక్కడ మిమ్మల్ని ఒక్క క్రోమోజోమ్ మీద నిలబడి చూడమంటాను: 13వ క్రోమోజోమ్. దాని పొడవైన చేతిలో 13క్యూ14 అనే చోట మిర్-15ఎ, మిర్-16-1 పక్కపక్కనే ఉంటాయి. దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా, అంటే సీఎల్ఎల్ రోగుల్లో సగానికి పైగా ఈ ముక్క పోయి ఉంటుంది. అక్కడ కణితిని అణిచే జన్యువు ఏదో ఉండాలని ఏళ్ల తరబడి వెతికారు, ప్రోటీన్ తయారుచేసే జన్యువేదీ సరిపడలేదు. 2002లో జార్జ్ కాలిన్, కార్లో క్రోచే బృందం, పోయింది ఈ రెండు మైక్రోఆర్‌ఎన్‌ఏలని చూపించింది; మైక్రోఆర్‌ఎన్‌ఏకూ క్యాన్సర్‌కూ ముడిపెట్టిన తొలి పత్రం అదే. 2005లో వీటి లక్ష్యాల్లో బీసీఎల్2 ఒకటని తేలింది. బీసీఎల్2 కణాన్ని చావనివ్వని ప్రోటీన్. దాన్ని తగ్గించే అణువులు పోతే బీ-కణాలు చావాల్సిన సమయంలో చావకుండా పేరుకుపోతాయి. 2010లో ఎలుకల్లో ఈ భాగాన్ని తొలగించినప్పుడు వాటిలో సీఎల్ఎల్ తరహా వ్యాధి వచ్చింది. ఈ రోజు సీఎల్ఎల్‌లో విరివిగా వాడే వెనెటోక్లాక్స్ ఆ బీసీఎల్2 ప్రోటీన్‌నే అడ్డుకుంటుంది. మైక్రోఆర్‌ఎన్‌ఏ పోయినచోట ఆ పనిని ఒక మాత్ర చేస్తోందన్నమాట, అయితే ఆ మందు పుట్టుక మాత్రం మైక్రోఆర్‌ఎన్‌ఏ పరిశోధన నుంచి కాదు. ప్రజెంటేషన్లలో ఈ రెంటినీ కలిపేస్తుంటారు.

ఇదే జంట ఎక్కువైతే? 13వ క్రోమోజోమ్ మూడు ప్రతులుగా ఉన్న శిశువుల్లో, పుట్టాక తగ్గిపోవాల్సిన గర్భస్థ హిమోగ్లోబిన్ తగ్గకుండా ఎక్కువకాలం కొనసాగుతుందని వైద్యులకు దశాబ్దాలుగా తెలుసు. కారణం 2011లో విజయ్ శంకరన్ బృందం వివరించింది: మూడో ప్రతి వల్ల పెరిగిన మిర్-15ఎ, మిర్-16-1 ఎంవైబీని తగ్గిస్తాయి, ఎంవైబీ తగ్గితే గర్భస్థ హిమోగ్లోబిన్ పెరుగుతుంది. సికిల్ సెల్, బీటా-థలసీమియా రోగుల్లో గర్భస్థ హిమోగ్లోబిన్ పెంచడమే చికిత్సకు ఒక ప్రధాన మార్గం. ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల గిరిజన సమాజాల్లో సికిల్ సెల్ ఎంత పెద్ద సమస్యో మీకు తెలియంది కాదు, కాబట్టి ఈ మాట మనకు దూరపు విషయం కాదు. లిన్28బి అనే ప్రోటీన్, అది తగ్గించే లెట్-7, ఈ జంట కూడా ఇదే దారిలో పనిచేస్తుంది. లిన్28బి పెరిగి లెట్-7 తగ్గితే పెద్దవారి రక్త మూలకణం పిండదశ లక్షణాలను తిరిగి చూపుతుందని 2012లో ఎలుకల్లో తేలింది. ఒక ప్రతి తగ్గితే లుకేమియా, ఒక ప్రతి పెరిగితే హిమోగ్లోబిన్ మార్పు. మోతాదు అన్నమాటకు ఇంతకన్నా స్పష్టమైన రుజువు నాకు తెలియదు.

అదే చేతిలో ఇంకొంచెం కిందికి దిగితే 13క్యూ31 దగ్గర మిర్-17-92 అనే ఆరు మైక్రోఆర్‌ఎన్‌ఏల గుంపు ఉంది. దీని తీరు పూర్తిగా తిరగబడి ఉంటుంది. కొన్ని బీ-కణ లింఫోమాల్లో (లింఫ్ కణాల క్యాన్సర్లలో) ఈ భాగం ఎన్నో ప్రతులుగా పెరిగి ఉంటుంది. కణ విభజనను పెంచే ఎంవైసీ ప్రోటీన్ కూడా దీన్ని నేరుగా పెంచుతుంది. 2005లో లిన్ హీ, హ్యామండ్, హానన్ బృందం ఎంవైసీ వల్ల లింఫోమా వచ్చే ఎలుకల పిండ కాలేయం నుంచి రక్త మూలకణాలు తీసి, వాటిలో ఈ గుంపులోని భాగాన్ని పెట్టి ఇతర ఎలుకలకు ఎక్కిస్తే, వ్యాధి చాలా త్వరగా వచ్చింది. దీనికి ఆంకోమిర్-1 అని పేరు పెట్టారు. ఆ పేరు చూసి ఇది చెడ్డదని అనుకుంటే పొరపాటే. ఇది పూర్తిగా లేని ఎలుకలు పుట్టిన కొద్దిసేపటికే చనిపోతాయి, వాటిలో బీ-కణాలు తొలిదశలోనే ఆగిపోతాయి. మనుషుల్లో ఒక ప్రతి పోతే పొట్టి వేళ్లు, చిన్న తల, తక్కువ ఎత్తు కనిపించే ఫైన్‌గోల్డ్ సిండ్రోమ్‌లో రెండో రకం వస్తుందని 2011లో గుర్తించారు.

ఇప్పుడు మీ మిర్-126. లుకేమియాలో కణాలన్నీ సమానం కావనీ, వ్యాధిని మళ్లీ మొదలుపెట్టగలిగేవి కొన్నే అనీ 1990లలో టొరంటోకు చెందిన జాన్ డిక్ బృందం రోగుల కణాలను రోగనిరోధక శక్తి లేని ఎలుకలకు ఎక్కించి చూపించింది. వాటినే లుకేమియా మూలకణాలంటాం. ఇవి కూడా చాలావరకు నిద్రాణంగా ఉంటాయి. కీమోథెరపీ విభజించే కణాలనే ఎక్కువగా చంపుతుంది కాబట్టి ఇవి తప్పించుకుంటాయి, వ్యాధి తిరగబెడుతుంది. అదే ప్రయోగశాల 2012లో, ఆరోగ్యకరమైన రక్త మూలకణాల్లో మిర్-126, కణాన్ని పెరగమని చెప్పే పీఐ3కే-ఏకేటీ సంకేత మార్గాన్ని తగ్గించి వాటిని నిద్రాణంగా ఉంచుతుందని చూపింది. ఆ మూలకణాల్లో మిర్-126 తగ్గిస్తే అవి మేల్కొని సంఖ్యలో పెరిగాయి, అలసిపోలేదు. నాలుగేళ్లకు, 2016లో, తీవ్ర మైలాయిడ్ లుకేమియా మూలకణాల్లో సరిగ్గా ఇదే పని చేశారు. అక్కడ మిర్-126 తగ్గించినప్పుడు కణాలు నిద్ర లేచాయి, కానీ పెరగలేదు; పరిణతి వైపు నడిచి మూలకణ లక్షణాన్ని పోగొట్టుకున్నాయి. పెంచినప్పుడు మరింత నిద్రాణమై, కీమోథెరపీని తట్టుకున్నాయి.

ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి ఒకసారి ఆగండి. రెండుచోట్లా అణువు చేసే పని ఒక్కటే, కణాన్ని విభజన నుంచి ఆపడం. మేల్కొన్న తర్వాత ఏమవుతుందన్నదే తేడా, ఆ తేడా మిర్-126లో లేదు, మేల్కొన్న కణంలో ఉంది. సాధారణ మూలకణం మేల్కొని తన ప్రతులు చేసుకోగలదు. లుకేమియా మూలకణం మేల్కొంటే మూలకణంగా మిగలలేకపోయింది. చికిత్స కోణంలో ఇది అరుదైన అదృష్టం, ఎందుకంటే ఒకే చర్య వ్యాధి మూలాన్ని తగ్గిస్తూ ఆరోగ్యకరమైన మూలకణాలకు మేలు చేసే అవకాశం ఉంది. మీరు చదివిన మొదటి పత్రం రొమ్ము క్యాన్సర్ గురించి అయివుంటుంది. 2008లో మిర్-126 రొమ్ము క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకడాన్ని తగ్గిస్తుందని చూపించారు. ఘన కణితిలో రక్తనాళాలూ చుట్టుపక్కల కణజాలమూ ఉంటాయి, ఈ అణువుకు స్వస్థలం కూడా రక్తనాళాల లోపొర కణాలే. కాబట్టి అక్కడి లెక్కలు ఇక్కడ చెల్లవు.

రక్తనాళాల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క మలుపు. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా, అంటే సీఎంఎల్ రోగులు ఇమాటినిబ్ వంటి మాత్రలతో దశాబ్దాలు బతుకుతున్నారు. కానీ వ్యాధి జాడ దాదాపు కనిపించని స్థితికి చేరి, జాగ్రత్తగా ఎంపిక చేసి మందు ఆపించినవారిలో కూడా సుమారు సగం మందిలో అది తిరిగి వస్తుంది, మూలకణాలు మిగిలే ఉంటాయి గనక. 2018లో గైడో మార్కూచీ బృందం దీనికి ఒక వివరణ ఇచ్చింది. సీఎంఎల్ కారకమైన బీసీఆర్-ఏబీఎల్ ప్రోటీన్ తన కణంలో మిర్-126 పరిణతిని తగ్గిస్తుంది. లోటును మజ్జలోని రక్తనాళాల లోపొర కణాలు తమ మిర్-126ను అందించి పూడుస్తాయి. ఇమాటినిబ్ తరహా మందు బీసీఆర్-ఏబీఎల్‌ను అడ్డుకున్నప్పుడు, మూలకణంలో సొంత మిర్-126 ఉత్పత్తి కూడా పెరిగి అది మరింత నిద్రాణమవుతుంది. అంటే వ్యాధిని అదుపు చేసే మందే దాని మూలాన్ని నిద్రపుచ్చి కాపాడుతోంది. మిర్-126ను అడ్డుకునే అణువును ఆ మందుతో కలిపి ఎలుకలకు ఇస్తే లుకేమియా మూలకణాల శక్తి బాగా తగ్గింది. ఇది ఎలుకల్లో వచ్చిన ఫలితమేనని, సీఎంఎల్ ఉన్నవారెవరైనా ఇది చదివి మాత్రలు ఆపే ఆలోచన చేయకూడదని ప్రత్యేకంగా చెబుతున్నాను.

మజ్జ పరిసరాల ప్రాధాన్యానికి 2010 నాటి రాయ్‌మాకర్స్, స్కాడెన్ ప్రయోగం ఇంకా పదునైనది. వారు డైసర్‌ను తీసింది రక్తకణాల నుంచి కాదు, ఎముకను తయారుచేసే తొలిదశ కణాల నుంచి. అయినా ఆ ఎలుకల్లో రక్తం తయారీ దెబ్బతిని మైలోడిస్‌ప్లేసియా (రక్తకణాలు సరిగా పరిణతి చెందని వ్యాధి) వచ్చింది, కొన్నింటిలో లుకేమియా దాకా వెళ్లింది.

మందు సంగతికి వస్తే, నా అభిప్రాయం ఉత్సాహం తగ్గించేదిగానే ఉంటుంది. మిర్-34ఎ నకలుతో తయారైన ఎంఆర్ఎక్స్34 అనే మందు ప్రయోగం 2013లో మనుషుల్లో మొదలై, 2016లో తీవ్రమైన రోగనిరోధక ప్రతిచర్యల వల్ల ఆగిపోయింది. ఆ ప్రతిచర్యలతో నలుగురు రోగులు మరణించారు. మిర్-155ను అడ్డుకునే కోబోమార్సెన్‌ను చర్మపు టీ-కణ లింఫోమాలో ప్రయత్నించారు, రెండో దశ ప్రయోగాన్ని కంపెనీ 2020లో వ్యాపార కారణాలతో ముగించింది. మిర్-16 నకలును మీసోథీలియోమాలో (ఊపిరితిత్తుల పైపొర క్యాన్సర్‌లో) ఇచ్చిన ఆస్ట్రేలియా తొలిదశ ప్రయోగంలో కణితి స్పష్టంగా తగ్గింది ఒక్కరిలోనే, చాలామందిలో వ్యాధి పెరగకుండా నిలిచింది. వందల లక్ష్యాలున్న అణువును ఒంట్లోకి పంపితే అది మనం కోరుకున్న కణంలో మాత్రమే పనిచేసేలా చూడటం ఎంత కష్టమో ఈ ప్రయోగాలు చెబుతున్నాయి.

వీటికన్నా నాకు తెలివైనదిగా తోచే ఉపయోగం మరొకటుంది. మిలాన్‌లో నాల్దీని ప్రయోగశాల ఒక రకం ల్యూకోడిస్ట్రఫీకి (నరాల పైతొడుగు దెబ్బతినే వంశపారంపర్య వ్యాధికి) జన్యు చికిత్స రూపొందిస్తూ ఒక చిక్కులో పడింది: చికిత్సకు పెట్టాల్సిన ఎంజైము పరిణతి చెందిన రక్తకణాలకు ఇబ్బంది లేదు, మూలకణాలకు మాత్రం విషం. మూలకణాల్లో మిర్-126 ఎక్కువ, పరిణతి చెందాక తక్కువ. అందుకని ఎక్కించే జన్యువు చివర మిర్-126 అతుక్కునే వరుసలను చేర్చారు. దాంతో మూలకణంలో ఆ జన్యువు అణగి ఉంది, దాని సంతానంలో పనిచేసింది. మైక్రోఆర్‌ఎన్‌ఏను మార్చకుండా, అది ఉన్నచోటును గుర్తుగా వాడుకున్నారు. 2010లో ఎలుకల్లో ఫలితం చూపించారు.

చివరిగా మీ ప్రాజెక్టు. ప్లాస్మాలో మైక్రోఆర్‌ఎన్‌ఏ కొలిచి క్యాన్సర్ సూచిక కనుక్కోవాలన్న ఆలోచన తేలికగా కనిపిస్తుంది, ఆర్‌ఎన్‌ఏను కొలిచే ఆర్టీ-పీసీఆర్ యంత్రం ఉంటే చాలనిపిస్తుంది. అయితే క్యాన్సర్ సూచికలుగా ప్రచురితమైన ప్లాస్మా మైక్రోఆర్‌ఎన్‌ఏల్లో చాలావాటికి మూలం కణితి కాదని, రక్తకణాలేనని 2012లో ఒక అధ్యయనం హెచ్చరించింది. రక్తం తీసేటప్పుడు సూది సన్నదై, సిరంజి బలంగా లాగితే ఎర్రకణాలు చిట్లుతాయి, మిర్-451, మిర్-16 ప్లాస్మాలోకి పోటెత్తుతాయి. ఆ ప్లాస్మా కంటికి లేత గులాబీ రంగులో కనిపించవచ్చు, కనిపించకపోయినా చిట్లడం జరిగి ఉండవచ్చు. పైగా మిర్-16ను మార్పులేని ప్రమాణంగా వాడి మిగతావాటిని దానితో పోల్చడం ఇప్పటికీ కొన్ని ల్యాబ్‌లలో ఉంది. సీఎల్ఎల్ రోగుల్లో సగానికి పైగా పోయే అణువునే కొలబద్దగా పెట్టుకోవడం ఎంత అసంబద్ధమో చూడండి.

అయినా చేయాలనుకుంటే ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలోనే రక్తం తీయించండి, ఆకుపచ్చ మూత గొట్టంలోని హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. తీసిన కొన్ని గంటల్లోపే రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ చేసి, ప్లేట్‌లెట్లు మిగలకుండా ప్లాస్మాను వేరు చేయండి. ప్లేట్‌లెట్లలోనూ మిర్-223, మిర్-126 బోలెడు ఉంటాయి. ప్రతి నమూనాకూ 414 నానోమీటర్ల దగ్గర హిమోగ్లోబిన్ శోషణ చూడండి, మిర్-451కూ మిర్-23ఎకూ మధ్య తేడా కొలవండి, చిట్లినవాటిని లెక్కలోంచి తీసేయండి. రోగులవీ ఆరోగ్యవంతులవీ ఒకే చోట, ఒకే పద్ధతిలో తీసినవై ఉండాలి. వార్డులో ఒకరు తీసినవాటినీ, ల్యాబ్‌లో ఇంకొకరు తీసినవాటినీ పోలిస్తే మీకు దొరికేది సూది తేడానే. జాబితా ఎంచుకునేటప్పుడు మైక్రోఆర్‌ఎన్‌ఏల జాబితా అయిన మిర్‌బేస్‌లోని దాదాపు 1,900 మానవ జన్యువులన్నీ నిజమైనవని అనుకోవద్దు, కఠినంగా వడపోసిన మిర్‌జీన్‌డీబీ అనే జాబితాలో అందులో మూడో వంతు కూడా మిగలవు.

నన్నడిగితే ప్లాస్మా వదిలేసి, ప్రయోగశాలలో పెరిగే కే562 కణాలను తీసుకోమంటాను. అవి సీఎంఎల్ రోగి నుంచి వచ్చినవి, బీసీఆర్-ఏబీఎల్ ఉంది, హీమిన్ అనే ఇనుమున్న రసాయనం ఇస్తే ఎర్రకణాల దారి పడతాయి. ఇమాటినిబ్ ఇచ్చే ముందూ, ఇచ్చిన తర్వాతా పరిణతి చెందిన మిర్-126నూ, దాని పూర్వరూపాన్నీ విడివిడిగా కొలిస్తే మార్పు తయారీలో వచ్చిందా, కత్తిరింపులో వచ్చిందా అన్నది తెలుస్తుంది. అవి మూలకణాలు కావు కాబట్టి ఫలితాన్ని మూలకణాలకు అంటగట్టకుండా రాయండి. పీజీ స్థాయికి ఆ ప్రశ్న చాలు.